చెయ్యి ఒప్పుకోలేదు

ఒకటో రోజు

పాలపిట్ట గనికి ఉదయం తొమ్మిదికి చేరాను. ఉదయం అన్నది గడియారంలో మాత్రమే. చంద్రుడి దక్షిణ కొసన ఉన్న ఈ గుంటలోకి ఎండ ఏనాడూ దిగలేదు. అందుకే ఇక్కడ మంచు మిగిలింది. తొమ్మిది వందల మంది దాన్ని కోసి నెలపట్నానికి నీళ్ళు పంపుతున్నారు. బండిలో పద్నాలుగు గంటలు కూర్చోవడంతో నా నడుము పట్టేసింది.

నేను కొమ్ము ప్రభుదాసుని, వెన్ను వైద్య నియంత్రణ మండలిలో తనిఖీ అధికారిని. పదహారేళ్ళుగా ఇదే పని. ఎవరికి లైసెన్సు ఉంది, ఎవరికి లేదు, ఉన్నవాళ్ళు దాని హద్దులో ఉన్నారా లేదా అన్నది చూస్తాను. ఇప్పటికి పదకొండు లైసెన్సులు రద్దు చేయించాను. పన్నెండోది ఇక్కడ అవుతుందని అనుకుంటూ వచ్చాను.

ఫిర్యాదు మీద ముప్పై ఒక్క సంతకాలున్నాయి. ఎదుటి పక్షం పేరు ఇరుగురాల ఓదెమ్మ, కైరోప్రాక్టర్, మూడో తరగతి. మెడ మీద చెయ్యి వెయ్యడానికి కూడా అనుమతి ఉన్న తరగతి అది. గని మొత్తానికి లైసెన్సు ఉన్నది ఆమె ఒక్కతెకే. మూడు నెలల్లో నలభై మూడు మందిని మెడనొప్పితో వస్తే వైద్యం చెయ్యకుండా తిప్పి పంపింది. చట్ట ప్రకారం వైద్యం నిరాకరించవచ్చు, కాని కారణం రాయాలి. ఆమె రాసింది. నలభై మూడు సార్లూ ఒకటే మాట: "చెయ్యి ఒప్పుకోలేదు."

క్యాంటీన్‌లో ఫిర్యాదుదారుడే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పేరు తాటిపెల్లి కనకయ్య, నలభై అయిదేళ్ళ వాడు. ముత్తాతల కాలంలో గోదావరిఖని బొగ్గు బావుల్లో పనిచేసిన కుటుంబం. ఇక్కడ సగం మంది అలాంటివాళ్ళే. మాట ఇంకా అక్కడిదే.

"సూడుండ్రి సారు, ఎడమకు తిరుగుతది, కుడికి తిరుగది. మూడుసార్లు పోయిన ఓదక్క దగ్గరికి. మూడుసార్లు 'ఒద్దు తమ్మీ' అన్నది. ఎందుకొద్దో చెప్పది. చేతులున్నయి, లైసెన్సున్నది. చెయ్యనంటే మేమెటు పోవాలె?"

"వేరే ఊళ్ళో చూపించుకోలేదా?"

"పనిల నుంచి ఎవలు పంపుతరు సారు? ఫిట్‌నెస్ పరీక్షల కుడికి చూడమన్నరు. ఒళ్ళంత తిప్పి చూసిన. మేస్త్రీ పని తీసేసిన్రు. ఇరవై మందిని నడిపించినోన్ని, ఇప్పుడు గోదాంల తాళ్ళు చుడుతున్న."

అతని గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువగా వినిపించింది. ఇది రెండు రోజుల పని అని రాసుకుని పడుకున్నాను.

రెండో రోజు

ఆమె వైద్యశాల ఒకే గది. నేలకు బిగించిన బల్ల, దానికి నాలుగు పట్టీలు, కింద ఒక ఇనుప కడ్డీ. రోగిని పట్టీలతో కట్టి, తన పాదాల వేళ్ళు ఆ కడ్డీ కింద దూర్చి నిలబడుతుంది. ఇక్కడ బరువు ఆరో వంతే కాబట్టి ఆధారం లేకుండా నొక్కితే నొక్కినవాళ్ళే పైకి లేస్తారు.

ఓదెమ్మకు యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, కత్తిరించిన తెల్ల జుట్టు, వెడల్పాటి అరచేతులు. నన్ను చూసి "రండ్రి సారు, గా మూలకు కూసోండ్రి" అని పనిలో పడిపోయింది. ఇలాంటి సమయంలో అందరూ నాకు టీ ఇస్తారు, పాత ధ్రువపత్రాలు చూపిస్తారు. ఆమె రెండూ చెయ్యలేదు.

మొదట వచ్చినవాడు మంచు కోసే ముసలాయన, నడుం నొప్పి. ఆమె చేతులు రుద్దుకుని వెచ్చబరచి, ఒక అరచేయి అతని నడుము మీద పెట్టి ఊరుకుంది. ఎంతసేపో. నేను గడియారం చూశాను: రెండు నిమిషాలు. అతని ఊపిరి నెమ్మదించాక, అది బయటికి పోతున్న క్షణంలో, చెయ్యి కొద్దిగా కదిలింది. కదిలిందని నాకు తెలిసేలోగా అయిపోయింది. ముసలాయన లేచి, అరుస్తాడనుకుంటే, "అయిపాయెనా?" అని అడిగాడు.

"ఎముక సప్పుడు రాలేదేంది అక్కా?" అన్నాడు మళ్ళీ.

"సప్పుడుతోని నీకేం పని? పోయి రేపు మళ్ల రా."

రెండు వందల మందికి పైగా వెన్ను వైద్యుల పని దగ్గర నుంచి చూశాను. ఊపిరితో ఇంత కలిసి కదిలే చెయ్యి వాళ్ళలో ఇద్దరికో ముగ్గురికో ఉంటుంది. అది నా పుస్తకంలో రాయక తప్పలేదు.

మధ్యాహ్నం అసలు సంగతి అడిగాను. "చెయ్యి ఒప్పుకోలేదు అంటే ఏమిటండీ?"

"ఒప్పుకోలేదంటే ఒప్పుకోలేదు సారు."

"ఇది కారణం కాదు. పత్రంలో పదకొండు కారణాలున్నాయి. వాటిలో ఒకటి ఎంచుకుంటే నేను ఇంత దూరం వచ్చే పనే లేదు."

"అండ్ల నాది లేదు."

"మరి మీది మీరు రాయవచ్చు కదా. కింద ఖాళీ ఉంది."

ఆమె లేచింది. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు కడుక్కుంది.

మూడో రోజు

ఈ రోజు ఒకామెను తిప్పి పంపడం నా కళ్ళతో చూశాను. బొంకూరి సరిత, క్రేన్ నడుపుతుంది, ముప్పై ఏళ్ళు ఉంటాయి. ఎడమ చెవి వెనక నొప్పి అని వచ్చింది.

ఓదెమ్మ బల్ల ఎక్కించలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, "నిన్న ఏం కూర వండుకున్నవు?" అని అడిగింది. సరిత వంకాయ గురించి చెబుతుంటే మాట వింటోంది, మాటలో అర్థాన్ని కాదు. నాలుక ఎక్కడైనా మడతపడుతోందా అని. "గిసుంటి నొప్పి ఇంతకుముందు ఎన్నడన్న అచ్చిందా?" "లేదక్కా, ఇది కొత్తగున్నది." కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయా, ఒక రెప్ప ఏమైనా వాలిందా అని చూసింది. రెండు చేతులకీ విడివిడిగా బీపీ పట్టింది. కళ్ళు మూయించి వేలితో ముక్కు తాకించింది. నేల మీది గీత వెంట నడిపించింది. గుక్కెడు నీళ్ళు తాగించి, మింగేటప్పుడు గొంతు చూసింది. దూది తీసుకుని బుగ్గలు రెండూ తాకి, "రెండు దిక్కుల ఒక్క తీరుగనే తెలుస్తున్నదా?" అంది. చివరికి రెండు వేళ్ళు చెవి కింద పెట్టి కళ్ళు మూసుకుంది.

"నేను చెయ్య బిడ్డా. పెద్ద దవఖానకు పో, మెడ లోపలి ఫోటో తీయించుకో."

"పోతే వాళ్ళు తియ్యరక్కా! పోయినోళ్ళందరు ఉత్తగనే అచ్చిన్రు."

"అయినా పో."

సరిత విసురుగా లేచింది. ఇక్కడ విసురుగా లేస్తే తల కప్పుకు తగులుతుంది. చేత్తో ఆపుకుని, నా వంక చూసి, "రాసుకోండ్రి సారు" అని వెళ్ళిపోయింది.

రాసుకున్నాను. కాని నేను రాసుకున్నది ఆమె అనుకున్నది కాదు. తొమ్మిది పరీక్షలు. మా పత్రం అడిగేవి నాలుగే. నలభై మూడు సార్లు ఈమె ఇంత పని చేసి, చివర ఆ రెండు ముక్కలు రాసి సంతకం పెట్టింది.

నాలుగో రోజు

పెద్ద ఆసుపత్రి రెండో గుంటలో ఉంది, వ్యానులో ఆరు గంటలు. అక్కడి డాక్టర్ నజీమాతో తెర మీద మాట్లాడాను. నలభై మూడు మందిలో ఎవరికైనా మెడ స్కాన్ తీశారా అని అడిగాను.

"ఒక్కరికీ తియ్యలేదండీ. స్కాన్ యంత్రం ఒక్కటే ఉంది, నాలుగు గనులకూ కలిపి. కారణం సంఖ్య లేకపోతే వరుసలోకి ఎక్కదు. వచ్చినవాళ్ళ కాగితం మీద 'చెయ్యి ఒప్పుకోలేదు' అని ఉంది. దాన్ని నేను ఏ గడిలో వెయ్యను? నొప్పి మాత్రలిచ్చి పంపాను." ఒక కాగితం తెరకు చూపించి, "ఆమె ఒక్క వాక్యం సరిగ్గా రాసి ఉంటే తీసేదాన్ని" అంది.

నాకు ఒళ్ళు మండింది. వైద్యశాలకు వెళ్ళి, రోగులు వెళ్ళిపోయేవరకు ఆగి, తలుపు వేసి మరీ అరిచాను. ఉద్యోగంలో నేను గొంతు పెంచడం అరుదు.

"మీ చేతులకు ఏదో తెలిసింది. నలభై మూడు సార్లు తెలిసింది. అది మీ చేతుల్లోనే ఉంచుకున్నారు. వాళ్ళు ఆరు గంటలు వెళ్ళి, ఉత్త చేతులతో ఆరు గంటలు వెనక్కి వచ్చారు. వాళ్ళలో ఎవరికైనా నిజంగా ఏదైనా ఉంటే? మీరు కాగితం మీద సిరా ఖర్చు కాకుండా చూసుకున్నందుకు వాళ్ళు చావాలా?"

ఆమె ముఖం తెల్లబడింది. స్కాన్ తియ్యలేదన్న సంగతి సరిత నోటి నుంచి నిన్ననే విన్నదట. అంతకుముందు వెళ్ళినవాళ్ళెవరూ కోపంతో మళ్ళీ ఈమె గడప తొక్కలేదు.

"తప్పే సారు," అంది. "గది నా తప్పే."

ఇంకేదో అంటుందనుకున్నాను. అంతే అంది.

అయిదో రోజు

పొద్దున్నే కాగితాలు పట్టుకుని వెళ్ళాను. "మీరు చెప్పండి, నేను రాస్తాను. ఒక్కొక్కరి గురించి."

ఆమె నోటు పుస్తకం ఏమీ తీయలేదు. నలభై మూడు మందీ గుర్తున్నారు. ఎవరి ఏ రెప్ప వాలింది, ఎవరి కుడిచేతి బీపీ ఎంత తక్కువ, ఎవరు నీళ్ళు మింగబోయి దగ్గారు. నేను రాస్తూ పోయాను. పదిహేనో మనిషి దగ్గర ఒక సంగతి నాకూ కనిపించింది. అందరికీ నొప్పి మెడ పైభాగంలో, ఒక పక్కే. అందరూ ఇలాంటిది ఎన్నడూ రాలేదన్నవాళ్ళే.

"ఇది మొదలై ఎన్నాళ్ళయింది?"

"కొత్త హెల్మెట్లు అచ్చిన వారం నుంచి. ఎనక దిక్కు బ్యాటరీ డబ్బా ఉంటది సూడుండ్రి. ఈడ బరువు తక్కువ అని పెద్దది పెట్టిన్రు. బరువు తగ్గింది గని ఊపు తగ్గలేదు సారు. ఉరికేటోడు ఆగుతడు, డబ్బా ఆగది. తలను ఎనకకు గుంజుతది. మేనేజరుకు చెప్పిన. కాగితం మీద ఇయ్యమన్నడు."

"ఇవ్వలేదు."

"ఇయ్యలే."

కలం కింద పెట్టాను. "ఓదెమ్మగారూ, మీకు రాయడం వచ్చు. మీ పరీక్ష జవాబులు చూశాను, దస్తూరి ముత్యాల్లా ఉంది. ఎందుకు రాయరు?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. "రాసుడంటే నాకు భయం సారు. కలం పడితే చెయ్యి వణుకుతది. ఒకసారి మీ మండలికి ఒక ఉత్తరం రాసిన. ఇరవై రెండేండ్లయింది. గప్పటి సంది గంతే."

సాయంత్రం మండలి పాత పత్రాల గదికి సందేశం పంపి ఆ ఉత్తరం తెప్పించుకున్నాను. ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"అయ్యా, నేను ఇరుగురాల ఓదెమ్మ, మూడో తరగతి. మొన్న నా చేతుల కింద ఒక మనిషి చెడిపోయిండు. పేరు రాయమల్లు. మెడ తిప్పిన. లేచి మంచిగ నడిచిపోయిండు, మెట్ల కాడ పడ్డడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయినయి. పడుట్ల దెబ్బ తాకిందని గని డాక్టరు రాసిండు. పడితే పోలేదు. నేను తిప్పితే పోయింది. రెండు దినాల నుంచి తల నొస్తున్నది, గిసుంటిది ఎన్నడు లేదు అని నాతోని చెప్పిండు. నేను ఇంకేం అడుగకుంట బల్ల ఎక్కించిన. నన్ను ఏం చేస్తరో చెయ్యండ్రి. గని ఇంకొకలు గిట్ల చెయ్యకుంట మీరు ఏదన్న రాయండ్రి."

ఆమె లైసెన్సు రెండేళ్ళు ఆపేశారు. ఆ ఉత్తరం అందిన మూడు నెలలకు మా చట్టంలో పద్నాలుగో నిబంధన చేరింది: మెడ తిప్పే ముందు తప్పనిసరిగా చెయ్యాల్సిన నాలుగు పరీక్షలు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను బట్టీ పట్టిన నిబంధన అది. పదహారేళ్ళుగా దాన్ని పట్టుకుని జనాన్ని పరీక్షిస్తున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

ఆరో రోజు

నాకు అవమానకరమైన సంగతి రాస్తున్నాను. గోదాం వాలు మీద తొందరగా దిగబోయి జారాను. అరువు తెచ్చుకున్న కొత్త హెల్మెట్టే నెత్తిన ఉంది. మెడ కలుక్కుమంది. గంటలో కుడిపక్క తల వెనక నొప్పి.

ఓదెమ్మ దగ్గరికి వెళ్ళాను. నాతో కూడా నిన్నటి కూర గురించి మాట్లాడించింది, గీత మీద నడిపించింది. రెండు వేళ్ళు చెవి కింద పెట్టి ఆగింది.

"చెయ్య సారు."

"నాకు ఏమీ లేదండీ. కొంచెం పట్టేసింది, అంతే. ఒక్కసారి తిప్పితే పోతుంది." ఈ మాటలు అన్నది నేనే. నిన్న రాత్రి ఆ ఉత్తరం రెండుసార్లు చదివినవాణ్ణి.

"తిప్పితే పోతదేమో. పోతే మంచిదే. లేకపోతే?"

"నేను తనిఖీ అధికారిని, నా బాధ్యత మీద..."

"మెడ అధికారిది అయితదా సారు?" అంటూ నా మెడకు పట్టీ చుట్టింది. "కదలకుంట కూసోండ్రి. వ్యాను పిలుస్త."

ఎదురుగా కూర్చుని కారణం తనే రాసింది. కలం పట్టిన చెయ్యి నిజంగానే వణికింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసింది. ఆరు వాక్యాలకు ఇరవై నిమిషాలు పట్టింది. చదివాను. ఏ డాక్టరూ కాదనలేనంత స్పష్టంగా ఉంది.

వ్యాను ఎక్కేముందు నాకున్న అధికారంతో ఒక ఉత్తర్వు రాసి గని మేనేజరుకు ఇచ్చాను: నలభై మూడు మందికీ, సరితకూ, నిన్న నేను రాసిన కారణాల మీద, వెంటనే స్కాన్. రోజూ రెండు వ్యాన్లు. అతను నసిగాడు కాని వ్యాన్లు ఇచ్చాడు.

ఎనిమిదో రోజు

నా స్కాన్ శుభ్రంగా ఉంది. ఏమీ లేదు. కండరం పట్టింది, అంతే. పన్నెండు గంటల ప్రయాణం వృథా.

వెనక్కి వస్తుంటే వ్యానులో నిజంగానే కోపం వచ్చింది. కనకయ్య ముఖం గుర్తొచ్చింది. తప్పుగా తిప్పి పంపబడ్డవాడికి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుసు. ఆ కోపం కూడా నివేదికలో ఉండాలని రాస్తున్నాను.

పదో రోజు

నజీమా దగ్గర నుంచి అన్ని ఫలితాలూ వచ్చాయి. నలభై మూడులో ఇద్దరు వెళ్ళడానికి ఒప్పుకోలేదు. నలభై ఒక్క మందికి తీశారు. ముప్పై ఎనిమిది మందికి ఏమీ లేదు. ముగ్గురికి మెడ లోపల మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం గోడ చిరిగి ఉంది. వాళ్ళు కాక సరితకు తీసిన స్కాన్‌లోనూ ఏమీ లేదు. చిరిగినవాళ్ళు ఇద్దరు మంచు కోసేవాళ్ళు, హెల్మెట్ పెట్టుకుని గని లోపలికి అన్నం మోసే ఒక వంటమనిషి. ముగ్గురినీ మంచం మీద ఉంచి మందులు ఇస్తున్నారు. నయమవుతుందని నజీమా అంది. "ఆ మెడల్లో ఏ ఒక్కదాన్ని ఎవరైనా తిప్పి ఉన్నా..." అని వాక్యం పూర్తి చెయ్యలేదు.

కొత్త హెల్మెట్లన్నీ మధ్యాహ్నానికల్లా గోదాంలో పెట్టించారు. వాటి గురించి ఓదెమ్మ రాసిచ్చిన కాగితం మేనేజరు బల్ల మీద చూశాను.

ఫలితాలు ఆమెకు చదివి వినిపించాను. ముగ్గురు అన్నప్పుడు కళ్ళు మూసుకుంది. ముప్పై ఎనిమిది అన్నప్పుడు నేను ఆమెను కొంచెం గుచ్చుదామనే అడిగాను: "ముప్పై ఎనిమిది సార్లు మీ చెయ్యి తప్పు చెప్పింది కదా?"

"చెప్పింది," అంది. "ముప్పై ఎనిమిది సార్లు తప్పయినందుకు మంచిగనిపిస్తున్నది సారు. వాళ్ళను తీస్కరాండ్రి. ఇప్పుడు చేస్త."

పదకొండో రోజు

మొదట కనకయ్య వచ్చాడు. రావడం ఇష్టం లేని నడక. గుమ్మంలోనే అన్నాడు, "నా మెడల ఏం లేదని తేలింది. ఉత్తగ నా మేస్త్రీ పని పోయింది. గది ఒప్పుకుంటవా అక్కా?"

"ఒప్పుకుంట తమ్మీ. స్కాన్ కాగితం ఇయ్యి."

కాగితం రెండుసార్లు చూసింది. పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేసింది. కనకయ్య విసుగ్గా ముక్కు తాకాడు, విసుగ్గా గీత మీద నడిచాడు. తర్వాత బల్ల ఎక్కించి పట్టీలు బిగించి, పాదాలు కడ్డీ కింద దూర్చి, అతని తలను రెండు అరచేతుల్లోకి తీసుకుంది. నిండు కుండను తీసుకున్నట్టు తీసుకుంది.

"బరువంత నాకిడువు."

"ఇడిచిన."

"ఇడువలే. పళ్ళు కొరుకుతున్నవు."

చాలాసేపు ఏమీ జరగలేదు. కనకయ్య దవడ వదులైంది. భుజాలు కిందికి దిగాయి. ఆమె వేళ్ళు మెడ ఎముకలను ఒక్కొక్కటిగా పలకరిస్తూ దిగి, ఒక దగ్గర ఆగాయి. అతని ఊపిరి బయటికి పోయింది. చేతులు కదిలాయి. ఒక చిన్న, తడి శబ్దం.

"లేవకు. జర సేపు అట్లనే ఉండు. నీ ఊరి పేరు చెప్పు."

"పాలపిట్ట."

"కుడికి సూడు. నెమ్మదిగ."

కుడికి చూశాడు. ఆ పక్క గోడకు ఒక గడియారం ఉంది. ఒళ్ళు కదపకుండా, మెడ మాత్రమే తిప్పి, దాన్ని చూస్తూ ఉండిపోయాడు. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇక్కడ అవి కూడా నెమ్మదిగానే కారతాయి.

"మూడు నెలల కిందనే గీ మాట చెప్పకపోతివక్కా. ఫోటో తీసినంక చేస్త అని. ఒక్క మాట."

"చెప్పాల్సుండె తమ్మీ."

ఆమె తన తప్పుకు ఏ సాకూ చెప్పడం నేను వినలేదు. అయిదో రోజు ఉత్తరం గురించి చెప్పింది కూడా నేను అడిగాకే.

పద్నాలుగో రోజు

విచారణ. గని సమావేశం గదిలో తెర, అవతల నెలపట్నంలో మండలి సభ్యులు అయిదుగురు. గది నిండిపోయింది.

నేను నివేదిక చదివాను. ఆమె తప్పు ముందు చదివాను: నలభై మూడు సార్లు కారణం రాయలేదు, దానివల్ల ముగ్గురు వారాల తరబడి ప్రమాదంతో తిరిగారు. తర్వాత మిగతాది.

కనకయ్యను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా అని మండలి అధ్యక్షురాలు అడిగింది.

"తీసుకోనమ్మా. నా సంతకం అట్లనే ఉండనీండ్రి. చెప్పకుంట తిప్పి పంపుడు తప్పే. గని ఆమె లైసెన్సు తీసేస్తే మాత్రం ఇంకో ఫిర్యాదు రాస్త. మీ మీద." గదిలో నవ్వులు. అతను నవ్వలేదు.

ఇంతలో తెర అవతల తలుపు దగ్గర కలకలం. నెలపట్నంలోనే ఉంటున్న ఒక మనిషి విచారణ సంగతి విని పిలవకుండానే వచ్చాడు. చేతికర్ర, కుడికాలు ఈడుస్తున్నాడు. పేరు చెప్పడానికే చాలాసేపు పట్టింది. రాయమల్లు.

ఓదెమ్మ లేచి నిలబడింది.

"గని డాక్టరు... మెట్ల మీద పడ్డవు... అన్నడు. నేను... నమ్మిన. నా కాలే జారిందనుకున్న. ఆమె అచ్చి... నా మంచం పక్కన నిలవడి... నా తప్పు, అన్నది. ఆమెను ఎవలు... అడుగలే."

"మీకు కోపం రాలేదా?" అధ్యక్షురాలు అడిగింది.

"అచ్చింది. ఆరేండ్లు... మాట్లాడలే. తలుపు... తియ్యలే."

"ఇప్పుడు?"

అతను మాట కోసం వెతికాడు. ఎవరూ తొందరపెట్టలేదు. "మొన్న నా బిడ్డకు... నడుము నొచ్చింది. ఈడ మస్తు మంది... ఉన్నరు. పాలపిట్టకు... పోయి రా... అన్న."

ఓదెమ్మ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. పక్కనే ఉన్న సరిత ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

తీర్పు సాయంత్రానికి వచ్చింది. లైసెన్సు కొనసాగుతుంది. కారణాలు రాయనందుకు మందలింపు ఆమె పేరు కింద రిజిస్టరులో శాశ్వతంగా ఉంటుంది. ఆరు నెలలు ప్రతి నిరాకరణకూ నకలు మండలికి పంపాలి. పద్నాలుగో నిబంధనలోని నాలుగు పరీక్షలు ఇకపై తొమ్మిది. కనకయ్య మేస్త్రీ పని తిరిగి ఇవ్వాలని గనికి సిఫారసు వెళ్ళింది. మందలింపు చదువుతున్నప్పుడు గదిలో ఎవరో గొణిగారు. ఓదెమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఉండనీండ్రి. అది సరిగ్గనే రాసిన్రు."

పదిహేనో రోజు

నా బండి పదకొండింటికి. పెట్టె సర్దుకుని బండిలో పెట్టించి, చివరి సంతకాల కోసం వైద్యశాలకు వెళ్ళాను.

కుర్చీలో ఒక ఇల్లాలు కూర్చుని ఉంది. మంచు కోసేవాడి భార్య, గనిలో పనిచేసే మనిషి కాదు. నిన్నటి నుంచి మెడ నొప్పి, తల తిరుగుడు. ఓదెమ్మ పరీక్షలు అప్పటికే చేసేసింది. బల్ల ముందు వంగి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాస్తోంది. రాస్తూనే చెబుతోంది: "నీ కుడి రెప్ప జర వాలింది బిడ్డా. మింగేటప్పుడు దగ్గినవు. అందుకే చేస్తలేను. ఫోటో తీసినంక, ఏం లేకపోతే, నేనే చేస్త." ఆ ఇల్లాలు భయపడింది కాని కోప్పడలేదు.

"వ్యాను పొద్దున్నే పోయింది సారు," అంది ఓదెమ్మ నన్ను చూసి. "మళ్ల ఎల్లుండే."

నా బండి రెండో గుంట మీదుగానే వెళుతుంది. డ్రైవరు కాక ఒక్క మనిషికే చోటు. తర్వాతి మండలి బండి నాలుగు రోజులకు. నెలపట్నంలో నా బల్ల మీద మూడు తనిఖీలు ఎదురుచూస్తున్నాయి.

డ్రైవరుకు ఫోన్ చేసి తలుపు దగ్గరికి రమ్మన్నాను. ఆ ఇల్లాలి మెడకు పట్టీ చుట్టి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. కాగితం ఆమె చేతిలో పెట్టి, ఆసుపత్రిలో ఎవరిని అడగాలో చెప్పాను. ఓదెమ్మ డ్రైవరుతో గుంతల దగ్గర నెమ్మదిగా పొమ్మని రెండుసార్లు చెప్పింది. బండి దీపాలు గుంట అంచు ఎక్కి కనబడకుండా పోయేదాకా ఇద్దరం గాజు కిటికీ దగ్గర నిలబడ్డాం.

"మీ పెట్టె అండ్లనే పోయింది సారు," అంది ఆమె.

చూసుకుంటే నిజమే.

"పోనీయండి," అన్నాను.

"మా ఆయన అంగీలున్నయి, తెస్త. ముందుగాల్ల అన్నం తినుండ్రి."